వెలుగునీడల కొలత నేర్పిన ఆన్సెల్ ఆడమ్సు

ఛాయాచిత్రమనగా వెలుగునకును నీడకును గల తారతమ్యమే. ఆ తారతమ్యము చక్కగా నున్నచో కొండ కొండగను, మబ్బు మబ్బుగను, మనుష్యుని మోము మోముగను కానవచ్చును. అది లోపించెనా, చిత్రమంతయు బూడిద చల్లినట్లుండును. అందు నలుపు నలుపు గాదు, తెలుపు తెలుపు గాదు. ఫిలిము కెమేరాను నూతనముగా చేపట్టిన బాలురకు మొదట కలుగు ఆశాభంగ మిదియే. ఎండలో నిలిచి, ఊపిరి బిగబట్టి తీసిన చిత్రము చీకటిగదిలో కాగితముపై తేలునప్పుడు ఉప్పులేని కూరవలె చప్పగా నుండును. అప్పుడు కొందరు కెమేరాను నిందింతురు. కొందరు ఫిలిము నమ్మిన అంగడివానిని నిందింతురు. మరికొందరు తమకీ విద్య అబ్బదని తలంచి మానుకొందురు.

ఈ దోషమునకు మూలమెక్కడనో వెదకి, దానిని కొలతకును లెక్కకును లోబరచి, ఆ లెక్కను పదిమందికి బోధించిన మహాశిల్పి అమెరికా దేశస్థుడగు ఆన్సెల్ ఆడమ్సు. ఆయన పేరు వినని ఛాయాచిత్రకారు డరుదు. కాని ఆయన ఎట్టి పరిశ్రమచే ఆ కీర్తిని సంపాదించెనో ఎరిగినవారు కొందరే. కావున మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఆయన జీవితమును సంగ్రహముగా నిట వ్రాయుచున్నాము.

బాల్యము

ఆన్సెల్ ఈస్టన్ ఆడమ్సు 1902వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. ఆయన తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానము. తాతగారు కలప వర్తకముచే ధనవంతులైరి. వారి యిల్లు ఊరి వెలుపల ఇసుక తిన్నెలనడుమ, సముద్రమునకు చేరువగా నుండెను. గాలియు, పొగమంచును, అలల ఘోషయు ఆ బాలుని తొలి నేస్తములు.

1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ తెల్లవారుజామున ఆ నగరమును మహా భూకంపము కుదిపివేసెను. ఇంటివారెల్లరు క్షేమముగా బయటపడిరి. కాని కొన్ని గంటల తరువాత భూమి మరల కంపించినప్పుడు నాలుగేండ్ల ఆన్సెల్ తోటగోడపై పడి ముక్కు విరుగగొట్టుకొనెను. పెద్దవాడైన పిదప సరిచేయవచ్చునని తలంచి అప్పటికి విడిచిపెట్టిరి. అది ఎన్నడును సరికాలేదు. ఆ వంకర ముక్కు ఆయన తుదిశ్వాస వరకు నిలిచియే యుండెను. మరుసటి సంవత్సరము దేశమున వర్తకము దెబ్బతినగా ఆ కుటుంబపు సంపదయు క్రమముగా కరిగిపోయెను. తండ్రియైన చార్లెసు జీవితమంతయు ఆ నష్టమును పూడ్చుకొనుటకే పాటుపడవలసివచ్చెను.

విద్య

ఆన్సెల్ పాఠశాలలో నిలుకడగా కూర్చుండలేని బాలుడు. ఒక బడి వెంట మరియొక బడి మార్చినను ఫలము లేకపోయెను. ఆ కాలపు ఉపాధ్యాయులకు అతడు అల్లరివాడుగనే తోచెను. కాని తండ్రి అట్లు తలపలేదు. 1915లో అతనిని బడి మాన్పించి, ఇంటియందే చదువు చెప్పించి, ఆ సంవత్సరము సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫికు ప్రదర్శనమునకు ఏడాది పొడవున పోవుటకు ప్రవేశపత్రము కొనియిచ్చెను. బాలుడు అనుదినమును అచ్చటికి పోయి యంత్రములను, చిత్రములను, శిల్పములను చూచుచు, సంగీతము వినుచు కాలము గడిపెను. అతని పాఠశాల చదువు ఎనిమిదవ తరగతితోనే ముగిసెను. దీనినిబట్టి బడి మానుట మేలని మా విద్యార్థులు తలపరాదు. నిలుకడలేని బాలునియందును ఏదో యొక శక్తి దాగియుండునని కనిపెట్టుట తల్లిదండ్రులకును మావంటి ఉపాధ్యాయులకును విధియని మాత్రమే మేము చెప్పుచున్నాము.

ఆ నిలుకడను అతనికి నేర్పినది పియానో వాద్యము. పండ్రెండేండ్ల ప్రాయమున అతడు స్వయముగానే స్వరలిపి చదువ నేర్చుకొనెను. అటుపిమ్మట మేరీ బట్లరు అను ఉపాధ్యాయురాలు అతనికి గురువైనది. ఒక్క స్వరము తప్పినను ఆమె క్షమించెడిది కాదు. తప్పిన చోటనే మరల మరల వాయింపజేసెడిది. అల్లరి బాలుడు ఆ శిక్షణలో గంటలకొలది ఒకేచోట కూర్చుండి అభ్యసించువాడయ్యెను. చీకటిగదిలో ఆయన పిమ్మట చూపిన ఓర్పునకు ఇదియే పునాది.

కొండల పిలుపు

1916లో ఆన్సెల్ జబ్బుపడి మంచమున నున్నప్పుడు సియర్రా పర్వతములను గూర్చిన యొక గ్రంథమును చదివి, ఆ కొండలను చూడవలెనని తల్లిదండ్రులను వేడుకొనెను. ఆ వేసవియందు వారు యోసెమిటీ లోయకు ప్రయాణమైరి. వేల అడుగులు నిటారుగా లేచిన చట్టుబండలును, వానిపైనుండి దుముకు జలపాతములును చూచి బాలుడు ముగ్ధుడయ్యెను. తల్లిదండ్రులు అతనికొక చిన్న పెట్టె కెమేరాను బహూకరించిరి. దానితో చిత్రము తీయుటకు ఒక మోడుపై నెక్కి, అది విరుగగా తలక్రిందుగా పడుచు మీట నొక్కెను. ఆయన తొలి చిత్రములలో నొకటి అట్లు తలక్రిందుగా వచ్చినదే!

ఆ మరుసటేట ఆయన తమ పేటలో ఫిలిములు కడిగి ప్రింటులు వేయు నొక వ్యాపారి యొద్ద పనికి చేరి చీకటిగది పని నేర్చుకొనెను. 1919లో పర్వతారోహకుల సంఘమగు సియర్రా క్లబ్బులో సభ్యుడయ్యెను. 1920 మొదలు నాలుగు వేసవులు యోసెమిటీలో ఆ సంఘపు మందిరమునకు కాపరిగా నుండెను. అయినను ఆయన వృత్తి పియానోయే యని అందరును తలంచిరి. ఆయనయు అట్లే తలంచెను. 1928లో ఆయన వర్జీనియా బెస్టును వివాహమాడెను. ఆమె తండ్రికి యోసెమిటీలో చిత్రశాల యుండెను.

ఒక్క ప్లేటు మిగిలిన దినము

ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దినము 1927వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీ. ఆ యుదయము ఆయన వర్జీనియాతోను కొందరు మిత్రులతోను, బరువైన కెమేరాను, పండ్రెండు గాజు ప్లేటులను వీపున మోసికొని, మంచుపై నడచుచు హాఫ్‌డోము అను మహాశిల కెదురుగా నున్న ఎత్తైన యొక చట్టుపైకి ఎక్కెను. దారిపొడవున కొన్ని ప్లేటులు వినియోగమయ్యెను, కొన్ని చెడెను. శిలకు ఎదుట నిలుచునప్పటికి రెండే మిగిలెను.

సూర్యుడు శిలపై వాలుగా ప్రకాశించుచుండెను. ఆడమ్సు కెమేరాకు పసుపు రంగు ఫిల్టరు తగిలించి ఒక ప్లేటుపై చిత్రము తీసెను. తీసినంతనే ఆయన మనస్సున నొక సందేహము మెదలెను. తన కన్నుల యెదుట ఆ శిల భయంకర గంభీరముగా నిలిచియున్నది. తీసిన ప్లేటుపై ఆకాశము లేత బూడిదరంగుగా, శిలయు దాదాపు అదే రంగుగా వచ్చును. చిత్రము తప్పు కాదు, కాని చప్పనిది. తాను పొందిన అనుభవము అందుండదు.

దీని కారణము మా బాలురు గ్రహింపవలెను. నలుపు తెలుపు ప్లేటు నీలపు వెలుతురును మన కంటికన్న అధికముగా స్వీకరించును. కావున మన కంటికి ముదురు నీలముగా కనిపించు నాకాశము ప్రింటున తెల్లబారును. పసుపు ఫిల్టరు ఆ నీలమును కొంత అడ్డగించును. ముదురు ఎరుపు ఫిల్టరు దానిని మిక్కిలిగా అడ్డగించును. అప్పుడు ఆకాశము నల్లనై, ఎండ తగిలిన శిలయు మంచును దానియెదుట ధగధగ మెరయును.

ఆడమ్సు మిగిలిన ఆ యొక్క ప్లేటును కెమేరాలో నమర్చి, ముదురు ఎరుపు ఫిల్టరు తగిలించి, అయిదు సెకనులు వెలుతురు సోకనిచ్చెను. అది తప్పినచో మరల ప్రయత్నించుటకు ప్లేటు లేదు. ఆ రాత్రి దానిని కడిగి చూడగా, తాను మనస్సున చూచిన చిత్రమే ప్లేటుపై నిలిచియుండెను. మీట నొక్కకమునుపే తుది చిత్రమును మనోనేత్రమున దర్శింపవలెనను సిద్ధాంతము ఆయనకు ఆనాడే స్థిరపడెను. 1930లో పాల్ స్ట్రాండు అను ఛాయాచిత్రకారుని నెగటివులను చూచిన పిదప ఆయన పియానో వృత్తిని విడిచి ఛాయాచిత్రణమునే జీవితవృత్తిగా గైకొనెను. 1932లో ఎడ్వర్డు వెస్టను మొదలగువారితో కూడి, స్పష్టమైన చిత్రములనే ఆదరించు నొక బృందమును స్థాపించెను.

మండల పద్ధతి

1927 నాటి విజయము మనోదర్శనముచే లభించినది. కాని అట్టి విజయమును ప్రతిదినమును పొందుటెట్లు? దానిని విద్యార్థులకు నేర్పుటెట్లు? నీడలనుబట్టి వెలుతురు సోకనీయవలెను, వెలుగులనుబట్టి నెగటివును కడుగవలెను అను సూత్రము పూర్వమే కలదు. 1890లో ఇంగ్లండున హర్టరు, డ్రిఫీల్డు అను ఇరువురు శాస్త్రజ్ఞులు వెలుతురు పాలునకును ప్లేటు నలుపునకును గల సంబంధమును కొలిచి ప్రకటించిరి. ఆ శాస్త్రమును చేతిపనివానికి అందుబాటులోనికి తెచ్చినవారు ఆడమ్సును, ఫ్రెడ్ ఆర్చరును. వారిరువురు 1939-40 ప్రాంతమున లాస్ఏంజెలిసు నగరమందలి యొక కళాపాఠశాలలో బోధించుచు ఈ పద్ధతిని రూపొందించిరి. దానికి మండల పద్ధతియని పేరు పెట్టవచ్చును.

కటిక నలుపు సున్న. కాగితపు తెలుపు పది. ఈ రెంటినడుమ నున్న వన్నెలను మెట్లుగా విభజింపగా మొత్తము పదునొకండు మండలములగును. ఒక్కొక్క మెట్టు ఎక్కుటకు వెలుతురు రెట్టింపు కావలెను. నడుమనున్న అయిదవ మండలము నడితరపు బూడిద వన్నె. వెలుతురును కొలుచు మీటరునకు వివేకము లేదు. దానికి బొగ్గును చూపినను, మంచును చూపినను, రెండింటిని అయిదవ మండలపు బూడిదగా చేయుటకే అది లెక్క చెప్పును. ఆ లెక్కనే నమ్మి మంచును తీసినవానికి మంచు బూడిదయగును. నల్లని మేకను తీసినవానికి మేకయు బూడిదయే యగును. మీటరు చెప్పినది విని, ఈ వస్తువు ఏ మండలమున నుండవలెనో నిర్ణయింపవలసినవాడు చిత్రకారుడే. వివరములు కానరావలసిన నీడను మూడవ మండలమున నుంచవలెనన్నచో మీటరు చెప్పినదానికి రెండు మెట్లు తగ్గింపవలెను. పిదప వెలుగు భాగములు ఏ మండలమున పడునో చూచుకొని, చాలనిచో నెగటివును అధికకాలమును, మితిమీరినచో తక్కువ కాలమును కడుగవలెను.

చప్పని చిత్రమునకు మూలమెక్కడ?

ఈ పద్ధతి తెలిసినవాడు చప్పని ప్రింటు చేతికి వచ్చినప్పుడు ఎవరిని నిందింపడు. నెగటివును వెలుతురున కెత్తి పరీక్షించును. అందు నీడలుండవలసిన చోట ఏ గుర్తును లేక ఫిలిము గాజువలె ఖాళీగా నున్నచో వెలుతురు చాలలేదని యర్థము. లేనిదానిని ఎంత కడిగినను రప్పింపలేము. నీడలలో వివరములుండి, వెలుగు భాగములు మాత్రము తగినంత నల్లబారనిచో కడుగుటలో లోపము కలదు: డెవలపరు పాతబడినది, లేదా చల్లబడినది, లేదా కాలము చాలలేదు. మబ్బుపట్టిన దినమున, నీడలు లేని వేళ తీసిన చిత్రమును మామూలు కాలమే కడిగినను ఇట్లే యగును; దానిని కొంత యెక్కువసేపు కడుగవలెను. చిత్రమునకు వెలుపల నుండు ఫిలిము అంచులు సయితము మసకబారియున్నచో ఫిలిము పాతబడియైనను, దొంగ వెలుతురు సోకియైనను ఉండవలెను. అంచులు తేటగనేయుండి, నీడలు మాత్రము పలచని ముసుగు వేసినట్లున్నచో కటకమును తుడిచి చూడవలెను. ధూళిపట్టిన కటకమును, ఎదురెండయు నీడలను బూడిద చేయును.

నెగటివు చక్కగానే యున్నచో దోషము ప్రింటునందు కలదు. మెత్తని తరగతి కాగితమునకు బదులు గట్టి తరగతి కాగితమును వాడినచో నలుపు తెలుపుల భేదము హెచ్చును. ప్రింటు త్వరగా నల్లబడుచున్నదను భయముతో డెవలపరునుండి ముందే తీసివేయు బాలురు గలరు. అట్టివారికి నిజమైన నలుపు ఎన్నడును దొరకదు. వెలుతురు తగ్గించి, పూర్తికాలము ఉంచుటయే దానికి మందు. ఎర్రదీపము మితిమీరి ప్రకాశించినను తెలుపులు మాయును. ఒకసారి ఒక్క కారణమునే మార్చి చూడవలెను. అన్నియు నొక్కసారి మార్చినవానికి ఏది మందో, ఏది రోగమో ఎన్నటికిని తెలియదు.

హెర్నాండెజు గ్రామమున చంద్రోదయము

ఆడమ్సు లెక్క ఎట్టి యాపద్బాంధవమో 1941వ సంవత్సరము నవంబరు 1వ తేదీ సాయంకాలము తేటపడెను. ఆయన ఎనిమిదేండ్ల కుమారునితోను ఒక మిత్రునితోను న్యూమెక్సికో రాష్ట్రమున మోటారుబండిలో పోవుచుండెను. హెర్నాండెజు అను కుగ్రామము వద్ద దృశ్యము కంటబడెను: దూరమున మంచుకొండలు, వానిపై మబ్బుల పంక్తి, పైన చంద్రుడు, ముందట చిన్న దేవాలయము, సమాధుల తోటలోని తెల్లని సిలువలు, వానిపై అస్తమించుచున్న సూర్యుని కడపటి కిరణములు. ఆయన బండి నాపి, పెద్ద కెమేరాను నిలబెట్టెను. మీటరు ఎంత వెదకినను కానరాలేదు. ఎండ క్షణక్షణము జారిపోవుచున్నది.

అప్పుడాయనకు చంద్రబింబపు కాంతి చదరపు అడుగునకు 250 కాండిలులని జ్ఞాపకము వచ్చెను. దానిని ఏడవ మండలమున నుంచినచో, రెండు మెట్లు దిగువనున్న అయిదవ మండలమునకు 250లో నాలుగవ వంతు, అనగా సుమారు 60 వచ్చును. ఫిలిము వేగము 64. దాని వర్గమూలము 8. కావున ఎనిమిదవ సంఖ్య కన్నమునకు 1/60 సెకను. ఫిల్టరు తగిలించినందున మూడింతలు, అనగా 1/20 సెకను. కన్నమును 32వ సంఖ్యకు చిన్నది చేసినచో పదునారింతలు. అనగా సుమారు ఒక సెకను. ఇంత లెక్కను ఆయన మనస్సులోనే చేసి చిత్రము తీసెను. రెండవ ఫిలిమునకై చేయిచాపునంతలో సిలువలపై ఎండ మాయమయ్యెను. ఆ చిత్రము ఒక్కటే మిగిలెను. అదియే ఆయన చిత్రములలోకెల్ల సుప్రసిద్ధమయ్యెను. గణితము ఎందుకు పనికివచ్చునని అడుగు విద్యార్థులకు ఇంతకన్న మంచి ప్రత్యుత్తరము మాకు దోచదు.

అయినను ఆ నెగటివు లోపములేనిది కాదు. ముందటి నేల మిక్కిలి పలచగా నుండుటచే మంచి ప్రింటు వేయుట దుస్తరమయ్యెను. 1948లో ఆయన సాహసించి నెగటివు క్రిందిభాగమును మందు నీళ్లతో బలపరచెను. చేయి జారినచో నెగటివు నశించియుండును. తొలి ప్రింటులలో ఆకాశమున పలచని మబ్బుతెరలుండెను. ఏండ్లు గడచినకొలది ఆయన వానిని నల్లజేసి, కడకు కటిక చీకటిలో చంద్రుడు వెలుగునట్లు చేసెను. నెగటివు స్వరలిపి వంటిదనియు, ప్రింటు వాయించుట వంటిదనియు ఆయన బోధించెను.

ఇందు నొక ప్రశ్న పుట్టును. కంటికి నీలముగా కనిపించిన ఆకాశమును నల్లజేయుట అసత్యము గాదా? మేము దీనిని తేలికగా త్రోసివేయము. ఆడమ్సు లేని కొండను తెచ్చిపెట్టలేదు, ఉన్న మనుష్యుని చెరిపివేయలేదు. వన్నెను మాత్రము మార్చెను, మార్చితినని దాచలేదు. ఎట్లు మార్చెనో పుస్తకములలో విప్పి వ్రాసెను. చూచువానిని మోసగించుటకు చేయు మార్పునకును, తాను చూచినదానిని తెలుపుటకు చేయు మార్పునకును గల భేదమిదియే. చేతిలోని ఫోనుతో క్షణములో చిత్రమును మార్చగల నేటి బాలురు ఈ భేదమును మరింతగా గుర్తుంచుకొనవలెను.

ఇతర సేవలు

ఆయన కెమేరా కొండలకే పరిమితము కాలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని, వారిలో అధికసంఖ్యాకులు ఆ దేశపు పౌరులేయైనను, ఇండ్లు వాకిళ్లు విడిపించి ఎడారులలోని శిబిరములకు పంపెను. 1943లో ఆడమ్సు మంజనారు శిబిరమునకు పోయి, వారి ముఖములను, పొలములను, బడులను చిత్రించి 1944లో గ్రంథముగా ప్రకటించెను. యుద్ధ సమయమున శత్రుజాతివారని జనులు ద్వేషించువారిని స్వతంత్రులుగను సమానులుగను చూపుటకు ధైర్యము కావలెను. 1965లో ఆయన ఆ చిత్రములను అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు దానము చేసెను.

1934 మొదలు 1971 వరకు ఆయన సియర్రా క్లబ్బు కార్యనిర్వాహక సభ్యుడుగా నుండి అడవులను, కొండలను కాపాడుటకు పాటుపడెను. ఆయన 1938లో ప్రకటించిన సియర్రా చిత్రముల గ్రంథము 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడెను. 1946లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని కళాపాఠశాలలో ఛాయాచిత్ర శాఖను స్థాపించెను. కెమేరాను, నెగటివును, ప్రింటును గూర్చి ఆయన వ్రాసిన మూడు గ్రంథములు ఈ విద్య నేర్చువారికి ముఖ్య సాధనములు.

కష్టములును ఆయనను విడువలేదు. 1937లో యోసెమిటీలోని చీకటిగదికి నిప్పంటుకొని అనేక నెగటివులు దగ్ధమయ్యెను. ఆయన మిగిలినవానిని కడిగి, తుడిచి, మరల పనిలో దిగెను. 1980లో అమెరికా అధ్యక్షుడు ఆ దేశపు పౌరులకిచ్చు నత్యున్నత పతకమును ఆయనకు బహూకరించెను. 1984వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన, 82వ యేట, ఆయన కాలిఫోర్నియాలోని మాంటరే పట్టణమున పరమపదించెను. మరుసటేట యోసెమిటీ సరిహద్దున 11,700 అడుగులకు పైబడిన యొక శిఖరమునకు ఆయన పేరిడిరి.

బడిలో కూర్చుండలేని బాలుడు ఒక్క ప్రింటు కొరకు దినములకొలది చీకటిగదిలో నిలిచెను. ఆయనకు లభించిన వెలుతురే మనకును లభించుచున్నది. అదే సూర్యుడు, అదే చంద్రుడు. ఆయన దానిని కొలిచెను. మనము తరచుగా ఊహించి ఊరకుందుము. చప్పని చిత్రము చేతికి వచ్చినప్పుడు మా విద్యార్థులు దానిని చించివేయక, నెగటివును వెలుతురున కెత్తి, నీడ యెక్కడ పోయినది, వెలుగెక్కడ చాలలేదు అని ప్రశ్నించుకొందురు గాక.